పలువరస, పంచాంగం, పట్టిక: పందెంలో వయసుకు న్యాయం – కృష్ణా జిల్లా మెట్టప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వేర్వేరు వయసులవారు ఒకే దూరం పరుగెత్తినప్పుడు వారి కాలాలను న్యాయంగా పోల్చడం ఎలా అన్న ప్రశ్నకు ఆధునిక క్రీడారంగం ‘వయోగుణకం’ అనే సమాధానం చెప్పింది. ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలలో పళ్లను బట్టి విభాగాలు చేసే పద్ధతి ఇదే ప్రశ్నకు రైతులు చెప్పుకున్న జవాబు. ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి, వాటి ఆధారాలను, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలికలో న్యాయం సూత్రం మీద ఎంత ఆధారపడుతుందో వయసుకు ఉన్న రుజువు మీద కూడా అంతే ఆధారపడుతుందని, ఆ రుజువు మన పల్లెలలో అందరికీ సమానంగా అందలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వయోగుణకం, బండలాగుడు, పలువరస, వయోవిభాగం, జనన నమోదు, మెట్టప్రాంతం, వెటరన్ అథ్లెటిక్స్.

1. ప్రవేశిక

వత్సవాయి, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు, నందిగామ మండలాలు కృష్ణా జిల్లా మెట్టప్రాంతంగా ప్రసిద్ధి పొందాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో భాగం. కృష్ణా డెల్టాలో కాలువ నీరు వ్యవసాయ జీవితాన్ని మలిచినట్టే, మెట్టలో పశుబలం మలిచింది. బరువు నేలల దుక్కికి, బండ్ల రవాణాకు ఎద్దు బలమే ఆధారం. కోస్తా ఆంధ్రలో సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్లకు ‘ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన’ పేరుతో జరిగే బండలాగుడు పోటీలు ఈ జీవనం నుంచి పుట్టినవే.

పోటీ ఏదైనా మొదట తేల్చవలసింది ‘ఎవరితో ఎవరిని పోల్చాలి?’ అన్న సంగతి. ఇరవై అయిదేళ్ల యువకుడు, అరవై ఏళ్ల అధ్యాపకుడు ఒకే మైదానంలో పది కిలోమీటర్లు పరుగెత్తితే గడియారం ఇద్దరికీ ఒకే రకంగా నడుస్తుంది, శరీరం మాత్రం అలా నడవదు. యువకుడు ముందు వచ్చాడని చెప్పడం నిజమే. అతనే మెరుగైన పరుగరి అని చెప్పడం వేరొక మాట. మొదటిది కొలత, రెండోది తీర్పు. కొలత నుంచి తీర్పుకు వెళ్లడానికి మనుషులు వాడిన మార్గాలను మూడుగా గుర్తించవచ్చు: వయసును బట్టి విభాగాలు చేయడం, వయసును బట్టి భారాన్నో ప్రారంభాన్నో మార్చడం, వయసును బట్టి ఫలితాన్ని లెక్కకట్టి సవరించడం. వీటిని వరసగా విభజన, సడలింపు, సవరణ అని వ్యవహరించవచ్చు.

2. పలువరస: బండలాగుడులో వయోవిభజన

పశువు కింది దవడ ముందుభాగంలో ఎనిమిది పళ్లుంటాయి. పై దవడలో ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. దూడకు మొదట పాలపళ్లు వస్తాయి. రెండు, రెండున్నర ఏళ్ల ప్రాంతంలో నడిమి జత రాలి శాశ్వతమైన పెద్దపళ్లు రెండు మొలుస్తాయి. ఆ తరువాత ఏడాదికి అటూఇటుగా ఒక్కో జత చొప్పున నాలుగు, ఆరు అవుతాయి. నాలుగున్నర, అయిదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. సంతలో కొనుగోలుదారు పశువు నోరు తెరిచి చూడడం ఈ లెక్క కోసమే. అమ్మేవాడు చెప్పే వయసుతో పని లేకుండా దవడ చెప్పే వయసును అతడు చదువుకుంటాడు.

బండలాగుడు పోటీలలో ఈ సంత జ్ఞానమే నియమావళి అయింది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. ఆ పైన న్యూ కేటగిరీ, సబ్ జూనియర్స్, జూనియర్స్, సీనియర్స్ అనే పేర్లు వస్తాయి. ప్రతి విభాగానికి బండ బరువును, లాగవలసిన వ్యవధిని నిర్వాహకులు ముందే ప్రకటిస్తారు. నిర్ణీత నిమిషాలలో జత లాగిన దూరాన్ని అడుగులలో, అంగుళాలలో కొలుస్తారు. ఎక్కువ దూరం లాగిన జతకు మొదటి బహుమతి.

ఇక్కడ రెండు పద్ధతులు కలిసి పనిచేస్తున్నాయి. పళ్లను బట్టి జతలను వేరుచేయడం విభజన. లేత గిత్తలకు తేలిక బండ కట్టడం సడలింపు. మూడోదైన సవరణ మాత్రం ఇక్కడ కనిపించదు. రెండు పళ్ల జత లాగిన దూరాన్ని సీనియర్స్ జత లాగిన దూరంతో పోల్చి ‘వీటిలో ఏది గొప్ప?’ అని ఎవరూ లెక్కకట్టరు. బండ వేరు, విభాగం వేరు, బహుమతి వేరు. పోల్చదగినవాటినే పోల్చడం ఈ పద్ధతిలోని వివేకం. పోల్చలేనివాటి గురించి మౌనం వహించడం దాని హద్దు.

విభాగాల పేర్లలోనే మరో చారిత్రక సూచన ఉంది. ఆరు పళ్ల వరకు పేర్లు పశువు శరీరం నుంచి, సంత భాష నుంచి వచ్చాయి. ఆ తరువాతి పేర్లు పాఠశాల ఆటలపోటీల భాష నుంచి వచ్చాయి. పళ్లన్నీ నిండాక దవడ స్పష్టమైన సాక్ష్యం చెప్పడం మానేస్తుంది. పళ్ల అరుగుదలను బట్టి అంచనా వేయవచ్చు గాని, వివాదానికి తావులేని గీత గీయలేము. సాక్ష్యం ఆగిన చోటే దేశి పరిభాష ఆగి అరువు పరిభాష మొదలుకావడం గమనించదగినది.

ఈ పోటీల మీద జంతుసంక్షేమ దృష్టితో వచ్చిన అభ్యంతరాలను విస్మరించలేము. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధిస్తూ తీర్పునిచ్చింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న చట్టసవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. పోటీకి సమ్మతి తెలిపే శక్తి ఎద్దుకు లేదన్నది మనిషి పరుగుతో దీనికి ఉన్న మౌలికభేదం. ఈ వ్యాసం వయసును నిర్ధారించే పద్ధతికే పరిమితమవుతుంది.

3. మణికట్టు ఎముక: పిల్లల ఆటలలో వయసు

పాఠశాల క్రీడలలో 14, 17, 19 ఏళ్లలోపు అనే విభాగాలు ఉపాధ్యాయులందరికీ పరిచితమైనవే. ఎద్దుకు పళ్లు చేసే పనిని ఇక్కడ కాగితం చేస్తుంది. కాగితాన్ని మార్చవచ్చు. వయసు తగ్గించి చూపి చిన్నవారి విభాగంలో దిగడం భారతీయ క్రీడలలో ఎంత ముదిరిందంటే, కేంద్ర క్రీడామంత్రిత్వశాఖ 2010లో వయోమోసాలకు వ్యతిరేకంగా జాతీయ నియమావళిని తేవలసివచ్చింది. అనుమానం వచ్చినప్పుడు వైద్యపరీక్షలకు పంపుతారు. వాటిలో ప్రధానమైనది మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల ఎదుగుదలను చూసి వయసును అంచనా వేసే టానర్–వైట్‌హౌస్ పద్ధతి.

సంతలో రైతు దవడ తెరిచి చూడడానికి, ఆసుపత్రిలో వైద్యుడు మణికట్టును చూడడానికి తాత్త్వికంగా తేడా లేదు. రెండూ మాటను, కాగితాన్ని పక్కనపెట్టి శరీరాన్ని సాక్షిగా పిలుస్తాయి. రెండింటి హద్దు కూడా ఒకటే. ఎదుగుదల పూర్తయ్యాక ఎముక గాని పన్ను గాని ఇన్నేళ్లని కచ్చితంగా చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని యాభై రెండేళ్ల మనిషి నుంచి వేరుచేయగల ఎక్స్‌రే లేదు.

4. పట్టిక: వృద్ధుల పరుగు, వయోగుణకం

ఎదుగుదల ముగిసినవారి పోటీ ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో వ్యవస్థగా రూపొందింది. 1968లో అమెరికాలోని శాన్ డియాగోలో తొలి జాతీయ మాస్టర్స్ పోటీలు జరిగాయి. 1975లో టొరంటోలో తొలి ప్రపంచ వెటరన్ అథ్లెటిక్స్ పోటీలు, 1977లో ప్రపంచ సంఘ స్థాపన జరిగాయి. నేడు ఈ పోటీలు 35 ఏళ్ల నుంచి అయిదేసి ఏళ్ల విభాగాలుగా నడుస్తున్నాయి. హైదరాబాద్ మారథాన్ మొదలుకొని మన నగరాల పరుగులలో కనిపించే వయోవిభాగాలకు ఒరవడి ఇదే.

అయిదేళ్ల విభాగం అన్యాయాన్ని తగ్గిస్తుంది గాని తొలగించదు. అరవై నిండినవాడు, అరవై నాలుగు దాటినవాడు ఒకే గుంపులో పడతారు. అందుకే చాలామంది పరుగరులు పెద్ద పుట్టినరోజు కోసం ఎదురుచూస్తారు. కొత్త విభాగంలో తామే చిన్నవారవుతారు. మూడో జత మొలవబోయే నాలుగు పళ్ల గిత్తకు తన విభాగంలో ఉండే మేలు వంటిదే ఇది, దిశ మాత్రం తలకిందులు.

రెండో మార్గమైన సడలింపు కూడా మనుషుల పరుగులో ఉంది. కాలిఫోర్నియాలో 1905లో మొదలైన డిప్సీ పరుగులో నేడు వయసును, లింగాన్ని బట్టి కొందరిని కొన్ని నిమిషాలు ముందుగా వదులుతారు. ఎవరు ముందు గమ్యం చేరితే వారే విజేత. బోస్టన్ మారథాన్ ప్రవేశానికి నిర్ణయించిన కాలాలూ ఈ కోవలోవే. 2026 పరుగుకు 18–34 ఏళ్ల పురుషులకు 2 గంటల 55 నిమిషాలు, 60–64 ఏళ్ల పురుషులకు 3 గంటల 50 నిమిషాలు గడువు. మన పోలీసు నియామకాల పరుగుపరీక్షలో మాజీ సైనికులకు ఇచ్చే అదనపు గడువు వెనుకా ఇటువంటి ఆలోచనే ఉంది.

మూడోదైన సవరణ 1989లో ప్రపంచ వెటరన్ అథ్లెట్ల సంఘం ప్రచురించిన వయోప్రమాణ పట్టికలతో స్థిరపడింది. ఆ పట్టికలు 1994లోను, 2006లోను, 2010లోను సవరణ పొందాయి. రోడ్డు పరుగులకు 2015, 2020 సంవత్సరాలలో కొత్త పట్టికలు వచ్చాయి. సూత్రం సరళమైనది. ప్రతి దూరానికి, ప్రతి వయసుకు ఆ వయసులో మనిషి సాధించగల అత్యుత్తమ కాలాన్ని అంచనావేస్తారు. అది వయోప్రమాణం. యౌవనంలోని అత్యుత్తమ కాలాన్ని వయోప్రమాణంతో భాగిస్తే వచ్చేది వయోగుణకం. పరుగరి కాలాన్ని గుణకంతో హెచ్చిస్తే యౌవనంలోని సమానకాలం వస్తుంది. వయోప్రమాణాన్ని పరుగరి కాలంతో భాగిస్తే శాతం వస్తుంది. 90 శాతం దాటితే ప్రపంచస్థాయి, 80 దాటితే జాతీయస్థాయి, 70 దాటితే ప్రాంతీయస్థాయి, 60 దాటితే స్థానికస్థాయి అని వ్యవహారం.

గుణకం ఎలా దిగుతుందో ఒక్క పరుగరి చరిత్రలో చూడవచ్చు. కెనడాకు చెందిన ఎడ్ విట్లాక్ 2004లో 73 ఏళ్ల వయసులో 2:54:48 కాలంలో మారథాన్ పూర్తిచేశాడు. 2016లో 85 ఏళ్ల వయసులో 3:56:34 కాలంలో పూర్తిచేశాడు. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ నెలకొల్పిన 2:00:35 ప్రపంచ రికార్డును ఈ కాలాలతో భాగిస్తే మొదటిదానికి సుమారు 0.69, రెండోదానికి సుమారు 0.51 వస్తాయి. 35వ ఏట నుంచి క్షీణత మొదలవుతుందనుకుంటే, మొదటి 38 ఏళ్లలో 0.31 తగ్గింది, తరువాతి 12 ఏళ్లలోనే 0.18 తగ్గింది. అంటే డెబ్బై దాటాక ఏడాదికి తగ్గే మేర అంతకుముందు తగ్గినదానికి దాదాపు రెట్టింపు. వార్ధక్యం సరళరేఖ కాదు, చివర వంగే రేఖ. అయిదేళ్ల విభాగం అరవైలో కలిగించే అన్యాయం కంటే ఎనభైలో కలిగించే అన్యాయం ఎందుకు పెద్దదో దీనితో తెలుస్తుంది.

5. పంచాంగం, బడి రిజిస్టరు: వయసుకు రుజువు

పట్టిక ఎంత సూక్ష్మమైనదైనా దానిలోకి పంపే వయసు నిజం కావాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. కాగితం మీద 60 ఏళ్లున్న పరుగరి 10 కిలోమీటర్లను 50 నిమిషాలలో పూర్తిచేశాడు. అతని గుణకం 0.80 అనుకుంటే సమానకాలం 40 నిమిషాలు. 42 నిమిషాలలో వచ్చిన యువకుడిని అతడు లెక్కలో గెలిచినట్టు. అతని నిజమైన వయసు 56 అయి, ఆ వయసు గుణకం 0.84 అనుకుంటే సమానకాలం సరిగ్గా 42 నిమిషాలు. నాలుగేళ్ల కాగితపు తేడా రెండు నిమిషాల విజయాన్ని చెరిపివేసింది.

నాలుగేళ్ల తేడా మన పల్లెలలో అరుదైన సంగతి కాదు. అందుకు కారణం జ్ఞాపకశక్తి లోపం అనుకోవడం తొందరపాటు. తెలుగు కాలగణనలో వయసు చెప్పే పద్ధతి చాలా కచ్చితమైనది. అరవై సంవత్సరాల చక్రంలో ఒక పేరు ఒక మనిషి జీవితంలో మహా అయితే రెండుసార్లు వస్తుంది. రక్తాక్షిలో పుట్టానన్న మనిషి 1924–25లోనో 1984–85లోనో పుట్టి ఉండాలి. ఆ ఇద్దరిని పొరబడే అవకాశం లేదు. సంవత్సరానికి మాసం, తిథి, నక్షత్రం తోడైతే తేదీయే తేలుతుంది. కరువులను సైతం తెలుగువారు సంవత్సర నామాలతోనే గుర్తుంచుకున్నారు. 1832–33 నాటి కరువు నందన కరువు, 1876 నాటిది ధాత కరువు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పింగళ సంవత్సరంలో వచ్చింది. ‘ఉప్పెనకు నేను నడుస్తున్నానట’ అన్న మాట చరిత్రకారుడికి పనికివచ్చే సాక్ష్యమే.

అయితే జాతకం రాయించుకునే వాడుక అన్ని ఇళ్లలో లేదు. చదువు, పురోహితుడు, తాళపత్రమో కాగితమో అందుబాటులో ఉన్న కుటుంబాలకు తిథితో సహా తేదీ మిగిలింది. కూలి కుటుంబాలకు ఉప్పెన, కరువు, పెద్దవాన వంటి గుర్తులే మిగిలాయి. ప్రభుత్వ నమోదు ఈ లోటును త్వరగా పూరించలేదు. మద్రాసు రాష్ట్రంలో 1899లోనే జనన మరణాల నమోదు చట్టం వచ్చినా, బిడ్డకు పేరు పెట్టకముందే జరిగిన నమోదులో తండ్రి పేరు, ఆడో మగో అన్న వివరం మాత్రమే ఉండేవి. అన్నదమ్ములలో ఎవరి నమోదు ఏదో తేల్చడం కష్టం. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది.

ఈ ఖాళీని బడి రిజిస్టరు నింపింది. బిడ్డను చేర్చుకునేటప్పుడు పంతులుగారు ఎత్తును, రూపాన్ని చూసి అంచనాగా వేసిన తేదీ పదోతరగతి ధ్రువపత్రంలోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. 1984 నాటి ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం ఉద్యోగంలో చేరినప్పుడు నమోదైన పుట్టినతేదీకి తిరుగులేదు. ఈ అంచనాలు రెండు దిశలలో తప్పుతాయి. ఉద్యోగకాలం కలిసిరావాలన్న కోరిక వయసును తగ్గిస్తుంది. పింఛను అందాలన్న అవసరం వయసును పెంచుతుంది. కనుక మెట్టప్రాంతం నుంచి ఒక మాజీ ఉద్యోగి, ఒక వ్యవసాయకూలీ ఒకే పరుగులో పాల్గొంటే పట్టిక మొదటివానికి నష్టాన్ని, రెండోవానికి లాభాన్ని చేకూర్చవచ్చు. బడికే వెళ్లని మూడోమనిషికి అసలు ప్రవేశమే దొరకకపోవచ్చు.

దీనికి ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ పంజాబుకు చెందిన ఫౌజా సింగ్. ఆయన పాస్‌పోర్టులో పుట్టినతేదీ 1911 ఏప్రిల్ 1. 2003లో టొరంటో మారథాన్‌ను 5:40:04 కాలంలో పూర్తిచేసినప్పుడు ఆ లెక్కన ఆయన వయసు 92. 2011లో అదే నగరంలో వందేళ్ల వయసున మరో మారథాన్ పూర్తిచేశాడు. పుట్టుకను నిరూపించే ధ్రువపత్రం లేనందున గిన్నిస్ సంస్థ ఆ ఘనతను రికార్డుగా గుర్తించలేదు. 2025 జూలైలో ఆయన మరణించేనాటికీ ఆ స్థితి మారలేదు. సంస్థ నియమం తప్పని చెప్పలేము. తొంభై దగ్గర రేఖ ఎంత నిటారుగా దిగుతుందో చూశాము. అక్కడ రెండేళ్ల సందేహం కూడా పెద్దదే. కాని ఆ నియమం పరుగరిని కాక అతడు పుట్టిన ఊరి దస్త్రాన్ని పరీక్షించింది.

6. పట్టిక పరిమితులు

పట్టికకు సొంత లోపాలూ ఉన్నాయి. మొదటిది వృత్తాకార తర్కం. మలివయసు ప్రమాణాలు విట్లాక్ వంటి కొద్దిమంది కాలాల మీద ఆధారపడ్డాయి. ఆ వయసులో మనిషి ఏం సాధించగలడో అన్నదానికి, ఇప్పటిదాకా ఎవరు ప్రయత్నించారో అన్నదే జవాబవుతున్నది. ప్రయత్నించినవారిలో సంపన్నదేశాల విశ్రాంత ఉద్యోగులే అధికం. జీవితమంతా పొలంలో వంగి పనిచేసిన శరీరం డెబ్బైలో ఏమి చేయగలదో పట్టికకు తెలియదు.

రెండోది స్త్రీల విషయం. ఒలింపిక్స్‌లో స్త్రీలకు మారథాన్ 1984లో గాని రాలేదు. నేడు ఎనభై దాటిన స్త్రీలు తమ యౌవనంలో ఆ పోటీని చూడనైనా లేదు. వారి ప్రమాణాలు పలుచని ఆధారం మీద నిలిచి ఉన్నాయి. 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో 94 ఏళ్ల భగవానీ దేవి 100 మీటర్లను 24.74 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం సాధించింది. ఇటువంటి ప్రతి కొత్త పరుగరీ పట్టికను తిరగరాయగలదు.

మూడోది వాతావరణం. ప్రమాణకాలాలు ఎక్కువగా చల్లని నగరాలలో, సమతలమైన దారులలో నమోదైనవి. వేసవిలో 40 డిగ్రీలు దాటే నందిగామ ప్రాంతంలో సాధన చేసేవారి శాతాలు తక్కువగా రావడం సహజం. ఒకే పరుగులోని ఇద్దరిని పోల్చడానికి పట్టిక పనికివస్తుంది. ‘జాతీయస్థాయి’, ‘స్థానికస్థాయి’ వంటి ముద్రలను మన ఎండలలో యథాతథంగా వేయడం తగదు.

7. తులనాత్మక చర్చ: శరీరం వయసా, క్యాలెండరు వయసా?

పళ్ల పద్ధతి శరీరపు వయసును చూస్తుంది. మేత బాగా అందిన గిత్తకు పళ్లు కొన్ని నెలలు అటూఇటుగా రావచ్చు. పోటీకి అక్కరైనది ఆ పరిణతే గాని పుట్టిన తేదీ కాదు. పట్టిక క్యాలెండరు వయసును చూస్తుంది. కాగితం దొరకని మన వృద్ధుల వయసును కూడా వైద్యపరీక్షతో తేల్చి, శరీరం చెప్పినదే వయసుగా తీసుకుంటే సమస్య తీరదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది.

తీరదు. ఎదిగే వయసులో తొందరగా పరిణతి చెందడం ప్రకృతి ఇచ్చిన వరం, అందులో పోటీదారుని కృషి లేదు. కాబట్టి శరీరపు వయసును బట్టి విభజించడం న్యాయం. తరిగే వయసులో శరీరాన్ని యౌవనానికి దగ్గరగా నిలుపుకోవడంలో చాలావరకు పరుగరి సాధన ఉంది. అరవై ఏళ్ల మనిషి గుండె యాభై ఏళ్లదిలా పనిచేస్తున్నదని అతన్ని యాభైల విభాగంలో వేస్తే, పోటీ దేనికి బహుమతి ఇవ్వాలో దానినే శిక్షించినట్టవుతుంది. కనుక ఎదుగుదలలో పలువరస, తరుగుదలలో పంచాంగం అన్నది న్యాయమైన సూత్రం. వృద్ధుల పోటీకి క్యాలెండరు తప్పనిసరి కనుకనే జనన దస్త్రం లేనితనం అక్కడ అంత బలంగా తగులుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

బండలాగుడులోని పళ్ల విభాగాలు కేవలం ఆచారం కావు. విభజనను, సడలింపును జోడించిన, నోటిమాటకు లొంగని సాక్ష్యం మీద నిలిచిన న్యాయపద్ధతి. వేర్వేరు విభాగాలను ఒకదానితో ఒకటి పోల్చకపోవడం దాని పరిమితి.

1989 నుంచి వికసించిన వయోగుణకం ఆ పరిమితిని దాటింది. కాని దాని ఫలితం పరుగరి కాలం, అతని వయసు, వెనుకటివారి రికార్డులు అనే మూడు ఆధారాల మీద నిలుస్తుంది. వీటిలో మొదటిది మాత్రమే మైదానంలో కొలవగలిగినది.

జనన నమోదు సరిగా లేని తరాల విషయంలో ఒక్క ధ్రువపత్రానికే పట్టుపట్టడం న్యాయం కాదు. జాతకం, సంవత్సర నామం, ఉప్పెన వంటి ఘటనల జ్ఞాపకం, తోబుట్టువుల వయోక్రమం వంటి సాక్ష్యాలను కలిపి, పుట్టిన సంవత్సరానికి కింది హద్దు, పై హద్దు నిర్ణయించవచ్చు. ఆ రెండింటిలో చిన్న వయసును తీసుకుని గుణకం వేస్తే పరుగరికి అనర్హమైన లాభం కలగదు, అతనికి పోటీలో చోటూ దక్కుతుంది. మౌఖికచరిత్ర పద్ధతులు తెలిసిన తెలుగు పరిశోధకులు చేయగల పని ఇది. 1969కి ముందు పుట్టిన తరం అరవైలలోకి, ఆపైకి చేరుకున్న ఈ కాలంలో, ఆ సాక్షులు బతికి ఉండగానే చేయవలసిన పని కూడా.